మిషన్ బంగళాలో క్రిస్మస్: నాటకం రాసేవాళ్లకు ఒక జవాబు

బాబూ, మీరు అడిగింది చదివాను. కందుకూరు దగ్గర మీ సంఘం యువకులు ఈ క్రిస్మస్‌కి నాటకం వేస్తున్నారు. పూర్వం మన ప్రాంతానికి వచ్చిన అమెరికా మిషనరీ కుటుంబం ఇంట్లో ఒక రోజు ఎలా గడిచేది, సొంత దేశం వదిలి వచ్చినవాళ్లు ఇక్కడ పండక్కి ఎలా సిద్ధమయ్యేవాళ్లు అన్నది మీ ప్రశ్న. చెట్టుకి దూది అంటించి మంచు పడినట్టు చూపించవచ్చా, దొరగారికి వచ్చీరాని తెలుగు పెడితే బాగుంటుందా అని కూడా అడిగారు.

మా నాయన నెల్లూరు జిల్లాలో ఒక బాప్టిస్టు మిషన్ బంగళాలో 1946 నుంచి 1968 దాకా వంటమనిషి. ఆయనకంటే ముందు మా అవ్వ అదే బంగళాలో ఆయా. నేను ఆ కాంపౌండులో పనివాళ్ల ఇళ్ల వరసల్లోనే (లైన్లు అనేవాళ్లం) పుట్టి, మిషన్ బోర్డింగులో చదువుకుని, 33 ఏళ్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. క్రిస్మస్ నాటకాలు చాలా ఏళ్లు పిల్లల చేత వేయించాను కూడా. అందుకే మీకు పనికొచ్చే సంగతులు చెప్పగలను అనుకుంటున్నాను.

ముందు ఒక మాట. ఇలాంటి నాటకాల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఒకటుంది. స్టేజీ మీద దొర, దొరసాని, వాళ్ల పిల్లలు ఉంటారు. చుట్టూ మనవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. పదేళ్ల కిందట ఒక ఊళ్లో చూసిన నాటకంలో వంటవాణ్ణి నవ్వులాటకి పెట్టారు. తూలుతూ వచ్చి కేకు కింద పడేస్తాడు, జనం చప్పట్లు కొడతారు. నేను చూడలేక మధ్యలో లేచి వచ్చేశాను. ఆ ఇల్లు నడిచింది వంటమనిషి చేతుల మీద, ఆయా ఒడిలో, నీళ్లు మోసినవాడి భుజం మీద. మీ నాటకంలో వాళ్లకి పేర్లు పెట్టండి, మాటలు పెట్టండి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మీ కథ ఏ కాలంలో జరుగుతుందో మొదట తేల్చుకోండి. దాన్ని బట్టి అన్నీ మారిపోతాయి. బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే గారు 1835లో అమెరికాలో బయల్దేరి, 1840లో నెల్లూరు చేరి అక్కడ స్థిరపడ్డారు. లైమన్ జూయెట్ గారు 1849లో వచ్చారు. వాళ్ల కాలం కథ అయితే క్రిస్మస్ చెట్టు పెట్టకండి. జూయెట్ గారు వచ్చిన న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ప్యూరిటన్ల ప్రభావం వల్ల క్రిస్మస్‌ని పండగలా చేసుకునే అలవాటు అప్పటికి తక్కువ. మసాచుసెట్స్ రాష్ట్రం డిసెంబరు 25ని సెలవు దినం చేసిందే 1856లో. దేశ ప్రభుత్వం సెలవు చేసింది 1870లో. కాబట్టి జూయెట్ దంపతులకు డిసెంబరు ఆఖరంటే వానలు వెనకబట్టాక పల్లెలు తిరిగే కాలం. 1853 ఆఖరున వాళ్లు అలా తిరుగుతూనే నెల్లూరుకి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలులో ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడి కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పుడు మనం ప్రార్థన కొండ అంటున్నది అదే. ఆ రోజు కొండ మీద ఉన్నది ఐదుగురు. జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లు. నేను చూసిన నాటకాల్లో ఆ ముగ్గురికీ ఒక్క మాట కూడా ఉండదు.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర కథ పెట్టుకుంటే ఇంకా ఉంది. వాళ్లు 1864 నవంబరు ఆఖరున బోస్టన్‌లో ఓడెక్కితే ఇక్కడ దిగింది 1865 ఏప్రిల్‌లో. ఆ ఏడు క్రిస్మస్ వాళ్లకి సముద్రం మీదే గడిచింది. 1866లో ఒంగోలు చేరారు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు, దాతుకరువు అంటారు. జనానికి కూలి దొరకాలని క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ చెబుతారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. ఇది మన సంఘాల్లో పెద్దవాళ్లకి కూడా చాలామందికి తెలియదు.

దక్షిణాన గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు కథ అయితే అక్కడ పనిచేసింది జర్మనీ వాళ్లు, హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్లు. 1860ల్లో వచ్చారు. క్రిస్మస్ చెట్టు సంప్రదాయం పుట్టిందే జర్మనీలో కాబట్టి వాళ్ల ఇంట్లో చెట్టు పెడితే తప్పేమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుదేశం వాళ్లని వాళ్లను నిర్బంధించడంతో ఆ పని తర్వాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది.

ఇక నేను కళ్లారా చూసినది 1950లు, 60ల సంగతి.

బంగళా అంటే ఎత్తయిన పైకప్పు, చుట్టూ వరండా, వరండాకి తడికెలు. అవ్వ కాలంలో గుడ్డ పంకా ఉండేది, బయట ఒకడు కూర్చుని తాడు లాగేవాడు. నా కాలానికి కరెంటు వచ్చింది. వంటిల్లు బంగళాకి విడిగా, వెనకవైపు. వంటింటికి, భోజనాల గదికి మధ్య ఒక చిన్న నడవ. మా నాయన గిన్నెలు పట్టుకుని రోజుకి ఎన్నిసార్లు ఆ నడవలో తిరిగేవాడో లెక్కలేదు.

నాయన తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేవాడు. మొదటి పని నీళ్లు కాచడం. తాగే నీళ్లు తెర్లించి, చల్లార్చి, ఫిల్టరులో పోయాలి. విదేశీయులకి మన నీళ్లు పడక విరేచనాలు, టైఫాయిడు వచ్చేవి. పాతకాలం మిషనరీల పసిపిల్లలు చాలామంది అలాంటి జబ్బులతోనే పోయారు. మన ఊళ్లలో పాత మిషన్ సమాధుల దగ్గరికి వెళ్లి చూడండి, చిన్న చిన్న రాళ్లు ఉంటాయి. కాబట్టి ఆ నీళ్ల కుండ దగ్గర నాయన చాలా పట్టుదలగా ఉండేవాడు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆరింటికి టీ, కాల్చిన రొట్టె ముక్క. దాన్ని చోటా హాజరీ అనేవాళ్లు.

రొట్టె సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో బేకరీ లేదు. అవ్వ కాలంలో పొద్దున్నే దించిన ఈతకల్లో తాటికల్లో ఒక చిన్న ముంతలో తెప్పించి, పిండి పులియడానికి కలిపేవాళ్లట. సారా, కల్లు వద్దని ఊరూరా చెప్పే ఇల్లు కాబట్టి అప్పటి వంటమనిషి మొదట్లో దొరసానమ్మ గారికి చెప్పడానికి భయపడ్డాడని అవ్వ చెప్పేది. ఆమె విని, పొయ్యిలో కాలిపోయాక అందులో మత్తు ఏముంటుందిలే అన్నారట. మద్యనిషేధం వచ్చాక నాయన ఉర్లగడ్డ ఉడకబెట్టి మెదిపి, చక్కెర వేసి, రాత్రంతా మూతపెట్టి పులియబెట్టేవాడు. పొద్దున్నే ఆ గిన్నె మూత తీస్తే వచ్చే పుల్లటి వాసన నాకు ఇప్పటికీ గుర్తు.

ఏడు గంటలకి కుటుంబ ప్రార్థన. మా నాయన, ఆయా, తోటమాలి, నీళ్లవాడు అందరూ వచ్చి కూర్చునేవాళ్లు, తెలుగులోనే జరిగేది. దొరగారు బోధకులతో మాట్లాడటం, బడుల లెక్కలు చూడటం, జీపులో పల్లెలకి వెళ్లడం. దొరసానమ్మ గారు బోర్డింగు ఆడపిల్లల సంగతి చూసేవారు, ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే బైబిలు స్త్రీలతో కూర్చునేవారు. వరండాలో రోజూ ఎవరో ఒకరు. పిల్లకి ఫీజు కట్టలేమని ఒకరు, పురుగు ముట్టిందని ఒకరు, పొలం గట్టు తగాదా అని ఒకరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక గంట తలుపులు వేసుకునేవాళ్లు, ఎండకి. సాయంత్రం ఉత్తరాలు. వాళ్ల జీవితంలో ఉత్తరాలు రాయడం ఎంత పెద్ద పనో నాటకాల్లో ఎవరూ చూపించరు. డబ్బు పంపే సంఘాలకి, తల్లిదండ్రులకి, దూరంగా ఉన్న సొంత పిల్లలకి, వారం వారం. టైపు మిషన్ టకటకలు మా లైన్ల దాకా వినిపించేవి.

సొంత పిల్లలు దూరంగా అన్నాను కదా. ఆరేడేళ్లు రాగానే పిల్లల్ని కొడైకెనాల్ స్కూలుకి పంపేవాళ్లు. మిషనరీ పిల్లల కోసం 1901లో మొదలైన స్కూలు అది. ఇక్కడ రైలెక్కి మద్రాసు, అక్కడ ఇంకో రైలెక్కి కొడైకెనాల్ రోడ్, అక్కడి నుంచి కొండ మీదికి. హైస్కూలు అయ్యాక కాలేజీకి అమెరికా. అంటే పిల్లలు ఏడేళ్లకే ఇల్లు వదిలినట్టు. మేము బోర్డింగులో ఉన్నా నెలకి ఒకసారైనా అమ్మ వచ్చి చూసేది. వాళ్లకి అది కూడా లేదు. పిల్లలు వెళ్లే రోజు మా అవ్వ స్టేషను దాకా వెళ్లేది. రైలు కదిలాక దొరసానమ్మ గారు, అవ్వ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడి వచ్చేవాళ్లట. ఆ పిల్లలకి పాలు పట్టింది, జోల పాడింది అవ్వే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బంగళాకి, మా లైన్లకి తేడా ఉండేది. వాళ్లకి కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ ఉంటే మా ఇంట్లో మట్టి కుండ. ఇరవై రెండేళ్లలో నాయన ఆ భోజనం బల్ల దగ్గర వడ్డించాడే గానీ కూర్చోలేదు. ప్రేమ ఉంది, తేడా కూడా ఉంది. మీ నాటకంలో రెండూ ఉండాలి. ఒకటే చూపిస్తే అది అబద్ధం అవుతుంది.

ఇప్పుడు క్రిస్మస్. సిద్ధం కావడం డిసెంబరులో మొదలయ్యేది అనుకోకండి. అమెరికా సంఘాల్లోని ఆడవాళ్లు వైట్ క్రాస్ పేరుతో పెట్టెలు పంపేవాళ్లు. ఆసుపత్రులకి చుట్టిన కట్టుగుడ్డలు, పిల్లలకి చొక్కాలు, సబ్బులు, పెన్సిళ్లు, గుడ్డబొమ్మలు. అవి ఓడలో మద్రాసు వచ్చి, కస్టమ్స్ దాటి, రైల్లో మా ఊరు చేరేసరికి నెలలు పట్టేది. కాబట్టి ఏయే బడికి ఎంతమంది పిల్లలో లెక్క ముందు ఏడాదే రాసి పంపాలి. పెట్టె వచ్చిన రోజు వరండాలో మేకులు పీకి తెరిచేవాళ్లు. మూత తీయగానే సబ్బు వాసన కాంపౌండంతా వచ్చేది.

ఆ పెట్టెల్లో మాకు అన్నిటికంటే ఇష్టమైనవి పాత క్రిస్మస్ కార్డులు. అమెరికాలో ఒకరికొకరు పంపుకున్న కార్డుల్ని పారేయకుండా, రాత ఉన్న సగం కత్తిరించి, బొమ్మ ఉన్న సగం మన పిల్లలకి పంపేవాళ్లు. ఆదివారం బడికి ఏడాదంతా మానకుండా వచ్చిన పిల్లలకి ఒక్కోటి బహుమానం. కొన్నిటి వెనక కత్తెరకి దొరకని ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలు మిగిలి ఉండేవి, నీలం సిరాతో. అవి ఎవరి చేతిరాతో అని నేను వేలితో రాసి చూసుకునేదాన్ని.

బొమ్మల్లో మంచు కప్పిన గుడి, మంచు పట్టిన చెట్లు. అల్లూరు వైపు పల్లెల్లో పంచినప్పుడు ఒక చిన్నపిల్ల దొరసానమ్మ గారిని అడిగింది: "అమ్మా, గుడి మీద ఆ ఉప్పు యాడిది?" ఇసకపల్లి ఉప్పు కొటార్లు చూసి పెరిగిన పిల్ల. తెల్లగా కుప్పపోసి ఉండేది దానికి తెలిసినంతవరకు ఉప్పే. దొరసానమ్మ గారు నవ్వలేదు. కింద కూర్చుని, చలికి వాన గట్టిపడి తెల్లటి పొడిలా రాలుతుందని చెప్పారు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, "అయితే నాకితే ఉప్పగా ఉండదా?" అంది. దూది మంచు పెట్టవచ్చా అని అడిగారు కదా, పెట్టకండి. కార్డు చేతిలో పట్టుకున్న ఒక పిల్లని పెట్టండి.

చెట్టు మాత్రం ఉండేది. సముద్రం వైపు తోటల్లో నుంచి సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసక నింపిన డబ్బాలో పాతేవాళ్లు. సరుగుడు ఆకు సన్నగా జాలువారుతుంది, దానికి బరువైనవేవీ ఆగవు. అమెరికాలో మొక్కజొన్న పేలాలు దారానికి గుచ్చి చెట్టుకి చుట్టే అలవాటుందట. ఇక్కడ దొరసానమ్మ గారు మా అవ్వ చేత జొన్నపేలాలు వేయించేవారు. బోర్డింగు పిల్లలం, బంగళా పిల్లలు వరండాలో గుండ్రంగా కూర్చుని సూదితో గుచ్చేవాళ్లం. జొన్నపేలం చిన్నది, సూది గట్టిగా తగిలితే పగిలిపోతుంది. పగిలినవన్నీ నోట్లోకే. చీమలు పట్టకుండా చెట్టు డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టేవాళ్లు. మిగతాది రంగు కాగితం గొలుసులు, సిగరెట్టు డబ్బాల్లోని వెండి కాగితంతో చేసిన నక్షత్రాలు. ఆ వెండి కాగితాలు రైల్వే స్టేషను దగ్గర ఏరుకొచ్చేవాళ్లం.

కేకు పని నవంబరులో మొదలయ్యేది. ఎండుద్రాక్ష, జీడిపప్పు దొరికేవి. ఎర్రటి చెర్రీ పళ్లు దొరికేవి కావు. నాయన పచ్చి బొప్పాయి కాయని చిన్న చదరాలుగా కోసి, సున్నపు తేటలో నానబెట్టి, కడిగి, పంచదార పాకంలో ఉడికించి, రంగు వేసి నీడన ఆరబెట్టేవాడు. బత్తాయి తొక్కల్ని కూడా అలాగే. చక్కెర మాడ్చి నల్లటి పాకం చేసేవాడు, కేకుకి ఆ ముదురు రంగు దానితోనే వస్తుంది. ఓవెన్ లేదు. పెద్ద డేగిసా అడుగున ఏటి ఇసక పోసి, లోపల రేకు డబ్బా పెట్టి, కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు. వేడి సరిపోయిందో లేదో చూడటానికి లోపల చిటికెడు మైదా చల్లి, అది ఎర్రబడేదాకా అంకెలు లెక్కపెట్టేవాడు. ఇరవైకి ముందే ఎర్రబడితే పైన బొగ్గులు కొన్ని తీసేసేవాడు. ఉడికిందో లేదో చీపురుపుల్ల గుచ్చి చూడటం. నా చేత అంకెలు లెక్కపెట్టించేవాడు. స్టేజీ మీద ఇది చూపించడం చాలా తేలిక, బొగ్గులకి ఎర్ర కాగితం, లోపల ఒక బల్బు చాలు.

మా లైన్లలో అదే వారం అరిసెలు. బియ్యం నానబెట్టి, దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టడం. పాకం ఒక్క క్షణం ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకే మా అమ్మ పాకం దగ్గర ఉన్నప్పుడు ఎవరూ పలకరించకూడదు. పండగ ముందు రోజు బంగళా నుంచి ఇంటింటికీ కేకు ముక్క వచ్చేది, మా ఇళ్ల నుంచి బంగళాకి అరిసెలు, కజ్జికాయలు వెళ్లేవి. దొరగారికి అరిసెలంటే ప్రాణం. క్యాంపుకి వెళ్లినప్పుడు డబ్బాలో పెట్టుకుని వెళ్లేవారు.

24 రాత్రి పాటలు. మన దగ్గర డిసెంబరు ఆఖరుకి కూడా వానలు పూర్తిగా పోవు, ఏ సాయంత్రం ముసురు పడుతుందో తెలియదు. తాటాకు గొడుగులు, పెట్రోమాక్స్ లైటు, డోలక్, తాళాలు పట్టుకుని కాంపౌండు మొత్తం తిరిగి, ఊళ్లోకి వెళ్లి, తెల్లవారుజామున చివరికి బంగళా కిటికీల కిందికి వచ్చేవాళ్లు. ముందుగా చెప్పేవాళ్లు కాదు, నిద్రలో ఉన్నవాళ్లని పాటతోనే లేపాలి. దొరగారి కుటుంబం దుప్పట్లు కప్పుకుని వరండాలోకి వచ్చి నిలబడేది. అప్పటికే నాయన పెద్ద గంగాళంలో కాఫీ కాచి ఉంచేవాడు, పాడినవాళ్లందరికీ. పొద్దున్నే ఆరాధన. ఆరాధన అయ్యాక పల్లెల నుంచి వచ్చినవాళ్లు బంతిపూల దండలు, నిమ్మకాయలు, అరటిపళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఒక నిమ్మకాయ చేతిలో పెట్టి దండం పెట్టడం అప్పటి మర్యాద. మధ్యాహ్నానికి బుట్టల కొద్దీ నిమ్మకాయలు పోగయ్యేవి, ఆ నెలంతా ఆసుపత్రిలో రోగులకి నిమ్మరసం, మా ఇంట్లో ఊరగాయ. తర్వాత అందరికీ బంతి భోజనం, అన్నం, వేటమాంసం కూర.

మరి వాళ్ల సొంత పండగ ఎప్పుడు అంటే, అందరూ వెళ్లిపోయాక రాత్రికి. టర్కీ కోడి ఇక్కడ ఎక్కడిది, నాయన నాటుకోడిని లోపల రొట్టెముక్కలు కూరి కాల్చేవాడు. ఒక ఏడు సంగతి చెబుతాను. 1961 అనుకుంటా, పెద్దబ్బాయి కాలేజీకి అమెరికా వెళ్లిన మొదటి క్రిస్మస్. అతని ఉత్తరం డిసెంబరు మొదట్లోనే వచ్చింది. దొరసానమ్మ గారు దాన్ని విప్పలేదు. భోజనాల గది అలమరలో, గాజు తలుపు వెనక నిలబెట్టి పెట్టారు. నాయన పళ్లేలు తీసుకునే అలమర అదే కాబట్టి మూడు వారాలు రోజూ ఆ కవరు చూశాడు. 25 రాత్రి భోజనాలయ్యాక ఆమె దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. నేను మెట్ల మీద ఉన్నాను. ఆమె పీట మీద కూర్చుని, చాకుతో కవరు చింపి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదివారు. చలి చాలా ఎక్కువగా ఉందని, చేతులు పగిలాయని, రూములో ఇంకో కుర్రాడు ఉన్నాడని. నాయన గిన్నె తోముతూ తోముతూ ఆపి, "బాబు ఏం తింటా ఉండాడంట?" అని అడిగాడు. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. అందులో తిండి గురించి ఏమీ రాయలేదు. అప్పుడు ఆమె ఏడ్చారు. మా అవ్వ అప్పటికి లేదు. ఉంటే ఆ రాత్రి అక్కడే కూర్చునేది.

ఇక ఆఖరి ప్రశ్న, వచ్చీరాని తెలుగు. దయచేసి అది పెట్టకండి. కొత్తగా వచ్చిన మిషనరీలు మునిషీ దగ్గర, అంటే భాష నేర్పే పంతులు దగ్గర, తెలుగు చదివి, పరీక్షలు పాసైతేనే పూర్తి పని అప్పగించేవాళ్లు. జూయెట్ గారు తెలుగు బైబిలు పని మీద ఏళ్లకేళ్లు కూర్చున్నారు. పెద్దవాళ్లకి యాస ఉండేది నిజమే, ళ, ణ పలకడానికి అవస్థ పడేవాళ్లు. కానీ మాట తప్పుగా ఉండేది కాదు. ఎక్కువగా పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్లు. "మీరు క్షేమముగా ఉన్నారా" అని పలకరించేవారు మా దొరగారు. మీకు తేడా చూపించాలనిపిస్తే అలా గ్రాంథికంగా మాట్లాడించండి, అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

పిల్లల సంగతి వేరు. వాళ్లు ఆయాల దగ్గర, మా దగ్గర నేర్చుకున్నారు, మాకంటే గట్టి నెల్లూరు తెలుగు. ఒక క్రిస్మస్‌కి బోర్డింగు పిల్లల నాటకంలో గొల్లవాళ్లలో ఒకడికి జ్వరం వచ్చింది. కొడైకెనాల్ నుంచి సెలవులకి వచ్చిన బంగళా చిన్నబ్బాయి, తొమ్మిదేళ్లవాడు, నేను వేస్తానన్నాడు. మా నాయన తన తుండుగుడ్డ తలకి చుట్టి, ముఖానికి కాస్త బొగ్గుమసి రాసి, చేతికి కర్ర ఇచ్చాడు. దేవదూత వెళ్లిపోయాక గొల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బెత్లెహేముకి వెళ్దాం అనాలి. వాడు కర్ర నేలకి కొట్టి, "ఇంకా యాడ నిలబడుకోనుండారు? రాండ్రా, బెత్లెహేముకు పోయి బిడ్డను చూసొద్దాం!" అన్నాడు. ముందు వరసలో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. ఈ పిల్లోడు ఎవరి బిడ్డ అని ఒకామె పక్కామెని అడుగుతోంది. పశువుల తొట్టి దగ్గర వంగినప్పుడు తుండుగుడ్డ జారి, కింద పసుపు రంగు జుట్టు బయటపడింది.